మాస్టారి సెంటు

మా ఊరి జనానికి సెంటు రెండు చోట్లే గుర్తొస్తుంది. ఒకటి పెళ్ళిపందిరి, రెండోది చావిల్లు. ఈ రెండిటికీ మధ్య బోలెడన్ని మామూలు రోజులుంటాయనీ, ఆ రోజుల్లో బతికున్న మనుషులు తమకోసం తాము ఓ చుక్క రాసుకోవచ్చనీ వాళ్ళకి నచ్చజెప్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. అదంతా తుడిచిపెట్టుకుపోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలింది.

నా పేరు డయానా. బెజవాడ భవానీపురంలో మా ఇంటి మేడ మీద రెండు గదుల్లో పరిమళాలు తయారుచేస్తాను. కింద అమ్మా, నేనూ ఉంటాం. మెట్ల పక్కన 'శౌరి పరిమళాలు' అని బోర్డు కూడా ఉంది. మా నాన్న శౌరయ్య మాస్టారి పేరు కలిసొచ్చేలా పెట్టుకున్నాను. జనం మాత్రం సెంటు కొట్టు అనే అంటారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి, హైదరాబాదులో మందుల కంపెనీ లాబ్‌లో ఉద్యోగం చేసి, అది మానేసి వచ్చి సెంటు కొట్టు పెట్టుకున్న ఆడదాని గురించి బంధువులు ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. పెళ్ళి కూడా చేసుకోలేదు కాబట్టి వాళ్ళకి నా గురించి మాట్లాడుకోవడానికి ఎప్పుడూ కరువు రాలేదు.

కాంట్రాక్టులు చేసుకునే మా అన్నయ్య ఫిలిప్ అయితే మొదటి రోజే తీర్పు చెప్పేశాడు. "బాంబే నుంచి డ్రమ్ముల్లో వస్తుందే సెంటు. తెప్పించి సీసాల్లో పోసి అమ్ముకో. ఈ పూలేరుకునే పనేంటే నీకు?" అన్నాడు. ఆ తర్వాత నా మేడ మెట్లెక్కింది లేదు. నేను చేసిన సెంటు ఒక్క చుక్క ఒంటి మీద వేసుకున్నదీ లేదు.

నా దగ్గర నాలుగైదు రకాలున్నా నన్ను నిలబెట్టింది ఒక్కటే. దాని పేరు గానుగ. మా చిన్నతనం ఉయ్యూరు పక్క పల్లెలో గడిచింది. నాన్న అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. చెరుకు కాలంలో సాయంత్రం సైకిలు మీద ఇంటికొస్తూ దారిలో బెల్లం గానుగ దగ్గర ఆగి, అరిటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టించుకుని తెచ్చేవారు. ఆయన చొక్కా నిండా పాకం ఆవిరి, చెరుకుపిప్పి పొగ. గుమ్మంలో ఎదురయ్యే అమ్మ జడలో మల్లెపూలు. ఆ రెండు వాసనలూ గుమ్మం దగ్గర కలుసుకునేవి. ఆ గుమ్మాన్ని సీసాలో పెట్టాలని నా పట్టుదల.

పెట్టాను. ఎలా పెట్టానో చెప్పకపోతే పోయిందేమిటో మీకు తెలియదు. వేసవిలో మైలవరం వైపు నుంచి మల్లెమొగ్గలు వస్తాయి. పొట్టు తీసి ఆరబెట్టిన నువ్వులు ఒక పొర, మొగ్గలు ఒక పొర, మళ్ళీ నువ్వులు, ఇలా వెదురు తట్టల్లో పరుస్తాం. చీకటిపడ్డాక మొగ్గ విచ్చుకుని తన వాసనంతా నువ్వులకి ఇచ్చేస్తుంది. పొద్దున్నే వాడిన పూలు ఏరిపారేసి కొత్త మొగ్గలు పరవాలి. నువ్వులు ఇక పట్టలేనంత పట్టాయనిపించేదాకా ఇదే పని. అప్పుడు చెక్కగానుగలో ఆడించి, ఆ నూనెని స్పిరిట్‌తో కడిగితే వాసన నూనెని వదిలి స్పిరిట్‌లోకి వస్తుంది. దానిలో వట్టివేరు, నేను కుస్తీ పట్టి తయారుచేసుకున్న బెల్లంపాకం వాసన కలిపి చీకటి గదిలో జాడీల్లో ఊరబెడతాను. ఏడాది ఊరాలి. ఆ బెల్లం వాసనలో సగం లాబ్‌లో పుట్టిన పొడే. "అంతా నాచురలేనా అమ్మా?" అని అడిగినవాళ్ళకి ఆ మాటే చెప్తాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. పోనీ.

రిటైరై ఇక్కడికొచ్చాక వాడిన పూలు ఏరే పని నాన్న తీసుకున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఒక్కో పువ్వునీ చూసి పక్కకి నెట్టేవారు. "ఇది ఫెయిల్, ఇది కంపార్ట్‌మెంటల్" అని గొణుక్కునేవారు. పని అయ్యాక మణికట్టు మీద ఓ చుక్క గానుగ రాసుకుని, అప్పుడు కాఫీ అడిగేవారు. నా దగ్గర కొనేవాళ్ళంతా కూడా ఆయన శిష్యులో, శిష్యుల భార్యలో, మా ఫాదర్ గారి గుడికి వచ్చేవాళ్ళో. ఒకరు రాసుకుని వెళితే పక్కింటావిడ అడిగేది. నా వ్యాపారం అంతా అలా నోటి మాట మీదా ముక్కు మీదా నడిచింది.

ఆ శిష్యుల్లో ఒకరు వెంకటకృష్ణారావు గారు. ఉయ్యూరులో చెరుకు తోటలు, బెజవాడలో లారీల వ్యాపారం. ఒకసారి నాన్నని చూడ్డానికి వచ్చి, ఆయన చేతిమీది వాసన పట్టుకుని మేడ మీదికొచ్చారు. సీసా మూత తీసి వాసన చూసి, అంత మనిషీ కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడిపోయారు.

"మా నాన్న చేతులమ్మా ఇది. పాకం గరిటె పట్టుకున్న చేతులు. మా అమ్మాయి మనోజ్ఞ పెళ్ళికొచ్చిన ప్రతి ఇంటికీ తాంబూలంతో పాటు ఓ చిన్న సీసా ఇద్దాం. ఎన్నో ఏంటో మావాడు వచ్చి చెప్తాడు, నువ్వు మొదలెట్టెయ్" అన్నారు.

నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఏలూరు, గుంటూరు, హైదరాబాదు నుంచి జనం వచ్చే పెళ్ళి అది. మాస్టారి శిష్యుల్ని దాటి నా గానుగ బయటి ఇళ్ళలోకి వెళ్ళడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి. అందుకే జాడీల్లో ఊరినదంతా ఆ పెళ్ళికే పెట్టాను. మిగతావాళ్ళెవరు అడిగినా లేదని తిప్పి పంపేశాను. అందులో సగం చిన్న సీసాల్లో నింపి, మెడకి ఎర్రదారం కట్టి, అట్టపెట్టెల్లో సర్దిపెట్టాం. దారాలు కట్టింది అమ్మ.

పెళ్ళి మూడు వారాలుందనగా, మే ఎండల్లో, నాన్న పోయారు. పూలేరుతూ పోయారు. కాఫీ తీసుకెళ్ళిన అమ్మకి తట్ట ఆయన ఒళ్ళోనే కనిపించింది.

ఆ సాయంత్రమే మట్టి చేసి ఉంటే ఈ కథ లేదు. మర్నాడు పొద్దున చేసినా లేదు. కానీ నాన్న దగ్గర చదువుకుని రాజకీయాల్లో పెద్దవాడైన ఒకాయన ఉన్నాడు. ఆయన ఢిల్లీలో ఉన్నాడనీ, ఎల్లుండి పదింటికి తప్పకుండా వస్తాడనీ అన్నయ్యకి ఆయన పీఏ ఫోన్లో చెప్పాడు. అంతే, అన్నయ్య కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాడు. షామియానా వేయించాడు. ఫ్లెక్సీ కొట్టించాడు. ఫ్లెక్సీలో నాన్న ఫొటో కంటే ఆయన ఫొటోయే పెద్దది. నాన్నని హాల్లో ఫ్రీజర్ బాక్సులో పెట్టారు.

మొదటి రోజు అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "మీ నాన్నకి నీ సెంటు రాయమ్మా. రాసుకోకుండా కాఫీ కూడా తాగేవారు కాదు" అంది. అద్దం తలుపు తీయించి మణికట్టు మీద ఓ చుక్క రాశాను. నేను ఏడ్చింది అప్పుడే. ఆ ఒక్క చుక్కతో ఆగితే బాగుండేది.

రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోతూ వస్తూ ఉంది. అన్నయ్య జనరేటరు తెప్పించాడు గానీ లోపం బాక్సులోనే ఉంది. పొద్దుట్నించీ దాని అద్దం మీద పట్టిన చెమట ఆరిపోయింది. అది ఎవరూ గమనించలేదు. బయట వరస సాగుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో పోగైన శిష్యులు, వాళ్ళ పిల్లలు, దండలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు.

వాసన ముందు నాకు తెలిసింది. అది నా వృత్తి, నాకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? చాలా సన్నగా మొదలైంది. అందులో ఒక తీపి ఉంది. పాకం మాడబోయే ముందు వచ్చే తీపికి అది చాలా దగ్గర. బయటికొచ్చి అన్నయ్యని మెట్ల కిందికి లాక్కెళ్ళాను.

"అన్నయ్యా, సాయంత్రానికి మట్టి చేసేద్దాం. బాక్సు పనిచెయ్యట్లేదు."

"ఇంకోటి చెప్పానే. దారిలో ఉంది."

"ఎప్పుడొస్తుంది? ఈ ఎండలకి ఊళ్ళో ఎన్ని చావులో. ఖాళీగా ఎక్కడుంటుంది?"

"వస్తుందన్నానా? రేపు పదింటికి ఆయన వస్తున్నాడు, ఇప్పుడు తీసేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నాన్న పరువు కాదా ఇది?"

"నాన్న పరువు లోపల పోతోంది, వెళ్ళి చూడు."

 అన్నయ్య ఫోను తీసి ఎవరికో చేశాడు. రెండో బాక్సు రాలేదు.

ఈలోపు చుట్టాలు తలా ఒక సెంటు సీసా తెచ్చి కొడుతున్నారు. చవక సెంటు గుప్పున లేచి కాసేపట్లో ఎగిరిపోతుంది. ఎగిరిపోయాక అడుగునున్నది మరింత బయటపడుతుంది. వరసలో నిలబడ్డ ఒకావిడ, నాన్న దగ్గర పదో తరగతి చదువుకున్న మనిషే, బాక్సు దగ్గరికి రాగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పెట్టుకుని, నన్ను చూసి, సిగ్గుపడి దించేసింది. అమ్మ బాక్సు పక్కనే కూర్చుని జపమాల తిప్పుతోంది. అమ్మ కూడా చూసింది.

మా నాన్నని చూసి ఒక మనిషి ముక్కు మూసుకుంది. అంతకంటే నాకు ఇంకేమీ కనిపించలేదు.

తెలియక చేశానని అనను. ముక్కుకి ఒకసారి పట్టిన జ్ఞాపకం వదలదు. దాన్ని అమ్ముకునే నేను బతుకుతున్నాను. గానుగ వేడికి చెదరదు, గంటలకొద్దీ నిలబడుతుంది, చర్మాన్ని అంటుకుని ఉంటుంది. ఆ గుణం కోసమే అన్నేళ్ళు కష్టపడ్డాను. ఇప్పుడు ఇక్కడ దాన్ని కొడితే ఈ వరసలో ఉన్న ప్రతి ముక్కూ ఏ వాసనతో కలిపి గుర్తుపెట్టుకుంటుందో నాకు స్పష్టంగా తెలుసు. ఆ వరసలో ఉన్నది నా కొనుగోలుదార్లే. వెంకటకృష్ణారావు గారు కూడా షామియానా కింద కుర్చీలో కూర్చునే ఉన్నారు.

మేడ మీదికి వెళ్ళి పెళ్ళి పెట్టెలు విప్పాను. ఎర్రదారాలు పళ్ళతో తెంపి, సీసాలు పళ్ళెంలో వేసుకుని కిందికి తెచ్చాను. బాక్సు తెరిపించి నాన్న చొక్కా మీద, పంచె మీద, తలకింద దిండు మీద, దండల మీద పోశాను. గానుగ తన పని తాను చేసింది. నిమిషాల్లో ఆ సన్నటి తీపి అణిగిపోయి హాలంతా బెల్లం, మల్లె, వట్టివేరు. జనం ఊపిరి పీల్చుకున్నారు. సాయంత్రం మళ్ళీ పోశాను. పొద్దున్నే మళ్ళీ. అది పూర్తిగా పోలేదు. గానుగ కిందే, గానుగతో కలిసే ఉంది. కానీ ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు.

అన్నయ్య మాత్రం ఉన్నట్టుండి నా సెంటుకి మేనేజరైపోయాడు. వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలెట్టాడు. "మా చెల్లి చేసిందండి. గానుగ అంటారు. అంతా చేత్తోనే. నాన్నగారికి ప్రాణం. చూడండి, నిన్న కొట్టింది ఇంకా ఎలా ఉందో!" ఆ గొంతులో నిజంగానే గర్వం ఉంది. ఇన్నేళ్ళలో నా పని గురించి వాడు గర్వంగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. నోర్ముయ్యి అని అరవాలనిపించింది. చావింట్లో అన్న మీద అరవలేక ఊరుకున్నాను.

మర్నాడు పదింటికి పెద్దాయన రాలేదు. పన్నెండు దాటాక ఆయన పేరు రాసిన రిబ్బనుతో పూలచక్రం వచ్చింది. అన్నయ్య దాన్ని బాక్సుకి ఆనించి ఫొటో తీయించాడు. సమాధుల దొడ్డిలో పెట్టె మూసేముందు ఫాదర్ గారు ప్రార్థన చెప్తుండగా పళ్ళెంలో మిగిలిన సీసాలు కూడా అన్నయ్యే ఒలికించాడు.

పెళ్ళికి మిగిలిన రోజుల్లో జాడీ అడుగున ఉన్నదంతా వడగట్టి మళ్ళీ సీసాలు నింపాను. అమ్మ మళ్ళీ ఎర్రదారాలు కట్టింది.  లెక్కకి సరిపోయాయి. పెట్టెలు సిద్ధంగా ఉన్నాయని ఫోను చేస్తే, వెంకటకృష్ణారావు గారు తానే వచ్చారు. పనివాణ్ణి పంపకుండా తాను వచ్చినప్పుడే నాకు అర్థమైంది.

కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, "అమ్మా డయానా, ఏమీ అనుకోవద్దు. పెళ్ళికి డ్రైఫ్రూట్ల పెట్టెలు చెప్పేశాం" అన్నారు.

"ఎందుకండీ? గానుగ మీరు కోరి తీసుకున్నదే గదా."

"మా ఆవిడకి కాస్త సెంటిమెంట్లు ఎక్కువ. శుభకార్యం గదా అని..."

"మీ ఆవిడ గారు రెండు రోజులూ రాలేదు. మీరే వచ్చారు."

ఆయన తలదించుకున్నారు. మంచి మనిషి, అబద్ధం ఎక్కువసేపు ఆడలేరు.

"నువ్విచ్చిన శాంపిలు సీసా నా దగ్గరే ఉందమ్మా. మొన్న మూత తీశాను. మా నాన్న చేతులు రాలేదు." గ్లాసు కింద పెట్టారు. "మాస్టారొచ్చారు. ఆ అద్దాల పెట్టెలో."

ఆయన్ని తిట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఆయన ముక్కు సరిగ్గానే పనిచేసింది. నా పని అంత బాగా చేశాను మరి.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. ఫలానా లెక్చరర్ గారు ఈ నెల వద్దులే అన్నారు. ఫలానా నర్సమ్మ ఉన్న సీసా తిరిగి తెచ్చి, తలనొప్పి వస్తోందండీ అంది. ఎగ్జిబిషన్లో స్టాలు పెడితే ఒకావిడ మూత తీసి వాసన చూసి, పక్కావిడ చెవిలో, "ఇది మాస్టారి దగ్గర వచ్చిన వాసన కదూ?" అంది. నాకు వినపడాలని అనలేదు, కానీ వినపడింది. సంపెంగతో కొత్తది చేశాను. సీసా చేతిలోకి తీసుకుని, "ఇది మాస్టారిది కాదుగా?" అని అడిగి, కాదని చెప్పినా పక్కన పెట్టేశారు. మరుసటి వేసవికి మొగ్గలు కొనలేదు. వెదురు తట్టలు గోడకి ఆనించి ఉంచాను. నాన్న కూర్చునే కుర్చీ వైపు చూడకుండా పని చేసుకోవడం నేర్చుకున్నాను.

ఆ రోజుల్లోనే అబ్రహాము వచ్చాడు. సమాధుల దొడ్డి దగ్గర శవపేటికలు చేసి అమ్మే దుకాణం అతనిది. తెల్లచొక్కా, చేతిలో నోకియా ఫోను, మాటలో ఎక్కడలేని మర్యాద. గుమ్మం బయటే చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మీ సెంటు కావాలండీ. మాస్టారికి కొట్టింది. పెట్టె కోసం వచ్చినవాళ్ళు అదే అడుగుతున్నారండీ, మాస్టారి సెంటుందా అని. నా దగ్గర మామూలువి ఉన్నాయండీ, గంటకి ఎగిరిపోతాయి. మీది ఆ ఎండల్లో కూడా నిలబడింది చూడండీ! మా లైన్లో అట్లాంటిది లేదండీ."

ఇన్నేళ్ళలో నా గానుగని ఇంత కచ్చితంగా మెచ్చుకున్నవాడు ఇతనే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను శవాలకి సెంటు చెయ్యను. వెళ్ళండి."

"తప్పుగా అన్నానేమో, క్షమించండమ్మగారూ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. ఆ మర్యాదకి నాకు ఇంకా మండింది.

అతను నన్ను దాటి అన్నయ్యని పట్టుకున్నాడు. అన్నయ్య అన్నేళ్ళ తర్వాత మేడ మెట్లెక్కి వచ్చాడు. "ఏంటే నీ పొగరు? ఇదొక్కటే కదా నిన్ను వెతుక్కుంటూ వచ్చిన వ్యాపారం? చావులకి సీజన్ లేదు, పెళ్ళిళ్ళలాగా. నాన్న పేరు మీద ఉంటుంది, అదీ బాగానే ఉంటుంది" అన్నాడు. చివరిమాట వాడు మనస్ఫూర్తిగా అన్నాడు. అదే నన్ను చంపింది. వాడికి ఈ రోజుకీ తెలియదు, పెద్దాయన కోసం ఆగిన ఆ ఒక్క రోజు నా బతుకులో ఏం చేసిందో. చెప్పినా, నాన్నకి ఎంత ఘనంగా జరిగిందో గుర్తుచేస్తాడు.

ఒప్పుకున్నాను. ఇలా చెప్పేస్తే తేలిగ్గా ఉంది గానీ, ఒప్పుకునే ముందు రెండుసార్లు దుకాణానికి తాళం వేసి, రెండుసార్లూ మళ్ళీ తీశాను. మూసేసి ఇంకో ఉద్యోగంలో చేరడం కుదరనిది కాదు. గానుగ అనేది ఇక ఈ లోకంలో ఎక్కడా తయారవ్వదన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. మళ్ళీ మొగ్గలు కొన్నాను. మళ్ళీ తట్టలు దించాను. పూలేరడానికి నాన్న లేరు, నేనే ఏరాను. గానుగ అన్న పేరు అబ్రహాముకి అక్కర్లేదు. సీసా మీద సిలువ బొమ్మ, దానికింద 'మాస్టారి సెంటు' అన్న అక్షరాలు చాలన్నాడు. స్టిక్కర్లు అతనే అచ్చువేయించి పంపాడు. ఎర్రదారాలు వద్దన్నాడు. అమ్మకి ఆ పని తప్పింది.

ఇక అమ్మ సంగతి. అమ్మ పేరు తెరేసమ్మ. నాన్న పోయినప్పటినుంచి నేను గుడికి సరిగ్గా వెళ్ళడం లేదు. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం పూజకి వెళుతుంది. ఒక ఆదివారం గొడుగు మర్చిపోతే ఇవ్వడానికి వెనకాలే వెళ్ళాను. పూజ మొదలైపోయింది. వెనక నిలబడి చూస్తే ఆడవాళ్ళ వైపు బెంచీలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. అమ్మ కూర్చున్న బెంచీలో మాత్రం అమ్మకి అటూ ఇటూ ఖాళీ. ముందు బెంచీవాళ్ళు కూడా కాస్త పక్కకి జరిగి కూర్చున్నట్టున్నారు. ఒక చిన్నపిల్ల ఆ ఖాళీలోకి వెళ్ళబోతే తల్లి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ఎందుకో నాకు అర్థంకావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అమ్మ రోజూ గానుగ రాసుకుంటుంది. జనం ఎవరూ అమ్మని ఏమీ అనరు. జరిగి కూర్చుంటారు, అంతే.

 ఆ వారమంతా కూర్చుని అమ్మకోసం ఇంకోటి తయారుచేశాను. వట్టి మల్లె, కాస్త గంధం, బెల్లం ఊసు లేకుండా. మళ్ళీ ఆదివారం పొద్దున్న అమ్మ తెల్లచీర కట్టుకుని చెయ్యి చాపితే ఆ సీసా చేతిలో పెట్టాను. అబ్రహాముకి పంపాల్సిన పెట్టెలు మా పక్కనే బల్లమీద ఉన్నాయి.

అమ్మ మూత తీసి వాసన చూసింది. మళ్ళీ మూత పెట్టి ఇచ్చేసింది.

"ఇది కాదమ్మాయ్. నాది ఇవ్వు."

"ఇకనుంచి ఇది రాసుకో అమ్మా. బాగుంటుంది."

"బాగుంది. నాది ఇవ్వు."

నాకు సహనం పోయింది. "గుళ్ళో నీ పక్కన ఎవరూ కూర్చోవడం లేదు, నీకు కనపడట్లేదా? అందరూ దూరం జరుగుతున్నారు. ఆ వాసనకే. నిన్ను చూస్తే వాళ్ళకి నాన్న శవం గుర్తొస్తోంది. నువ్వు రాసుకోకు!"

ఇంత కటువుగా అనాలని అనుకోలేదు. అనేశాను.

అమ్మ నన్ను చూసింది. కళ్ళు చెమర్చలేదు, గొంతు పెంచలేదు. "నాకు తెలీదనుకున్నావా? ఆ బాక్సు పక్కన రెండు రోజులు కూర్చున్నదాన్ని. ఎవరు ఎందుకు జరుగుతున్నారో నాకు తెలీదూ?" బల్లమీద పెట్టెల వైపు చెయ్యి చూపించింది. "ఇయ్యన్నీ పోయినోళ్ళకే గదా వెళ్తున్నాయి. నువ్వు ఇంత కష్టపడి చేసింది బతికున్న మనిషి ఒంటిమీద ఒక్కటైనా ఉండాలి గదే. అందుకు రాసుకుంటున్నా. ఎవరికి జరగాలనుంటే వాళ్ళని జరగనీ."

 పెట్టెలోంచి ఒక సీసా తీసి, సిలువ స్టిక్కరు గోటితో గీకి తీసేసి, అమ్మ చేతికిచ్చాను. జిగురు మిగిలిపోయింది. అమ్మ దాన్ని పట్టించుకోకుండా మణికట్టు మీద, చెవుల వెనక రాసుకుంది. "నువ్వు కూడా రా, ఎన్నాళ్ళయిందో" అంది. ఆ పూట కాదనే మొహం నాకు లేదు. తల దువ్వుకుని వెంట వెళ్ళాను.

గుడి నిండింది. అమ్మ ఎప్పుడూ కూర్చునే బెంచీ, ఎప్పటిలాగే ఖాళీ. ఇవాళ ఆ ఖాళీలో నేనుంటానని, చూసేవాళ్ళు చూసుకోనీ అని, తల ఎత్తుకుని వెళ్ళి అమ్మని ఆనుకుని కూర్చున్నాను. అటుపక్కవాళ్ళు మెల్లగా సర్దుకోవడం కనిపిస్తూనే ఉంది. నాకు వాళ్ళందరి మీదా అసహ్యం వేసింది. మా నాన్న దగ్గర లెక్కలు నేర్చుకుని, ఆయన ముసలిభార్య పక్కన కూర్చోలేని జనం.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. జనం ఊపిరికి గుడి వేడెక్కింది. అమ్మ మెడ దగ్గర గానుగ విచ్చుకోవడం మొదలైంది. ముందు మల్లె వచ్చింది. వెనకాలే వట్టివేరు వచ్చింది. దాని కిందనుంచి బెల్లం మెల్లగా లేచింది. అది నేను చేసింది. ప్రతి పొరా నాకు తెలుసు. ఇప్పుడు సైకిలు గంట వినపడాలి, అరిటాకు కనపడాలి. నేను ఎదురుచూశాను. బెల్లం కింద ఆ సన్నటి తీపి తగిలింది. ఆ సీసాలో అది లేదు, ఉండడానికి వీల్లేదు, నా చేత్తో నేను కలిపింది. అయినా తగిలింది. చెమట ఆరిపోయిన అద్దం, పూలదండల కింద నాన్న చొక్కా.

ఫాదర్ గారు సువార్త చదవడం మొదలుపెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నప్పుడు చూసుకుంటే నాకూ అమ్మకూ మధ్య జానెడు దూరం ఉంది. జరిగింది నేనే.

అమ్మ నా వైపు తిరగలేదు. ఆ జానెడు చోటులో తన చేతిసంచి పెట్టుకుని, జపమాల వెతుక్కోవడం మొదలుపెట్టింది.